నాన్న కారూ, పక్కింటి కిటికీ

తాళంచెవిని సగం తిప్పి, అలాగే పట్టుకుని ఇరవై దాకా లెక్కపెట్టాలి. చలికాలమైతే ముప్ఫై. ఆ తరువాతే సెల్ఫు కొట్టాలి. మా ఇంట్లో ఈ లెక్కపెట్టే ఉద్యోగం నాకు పదకొండో ఏట వచ్చింది. నాన్న తాళం పట్టుకునేవారు. నేను పక్కన కూర్చుని పైకి లెక్కపెట్టేవాణ్ణి. తొందరపడి అంకెలు మింగితే "మళ్ళీ మొదటినుంచీ" అనేవారు. ఆ కాసేపట్లో ఇంజను లోపల నాలుగు హీటరు ప్లగ్గులు ఎర్రగా కాలుతాయనీ, ఆ వేడి లేకపోతే పొద్దుటిపూట డీజిలు సరిగా అంటుకోదనీ చాలా ఏళ్ళ తరువాత గాని నాకు తెలియలేదు. అప్పటికి నాకు తెలిసిందల్లా, లెక్క తప్పితే కారు కదలదని.

ఆ కారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. 1992 నాటి అంబాసిడర్ నోవా, డీజిలు బండి. "ఇంకా ఎందుకండీ ఆ పాత బండి?" అని అడిగేవారికి ఇన్నాళ్ళూ నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. ఈమధ్య ఆ జవాబు చెబుతుంటే నాకే నమ్మకం కలగడం లేదు. అందుకే ఇది రాయాలనిపించింది.

మా నాన్నకు తెనాలి శివార్లలో చిన్న వేరుశనగ నూనె మిల్లు ఉండేది. కరెంటు పోయినప్పుడు మిల్లును నడపడానికి అందులో ఒక ఆయిలింజను ఉండేది. రేకుల షెడ్డులో, మసిపట్టిన గోడల మధ్య, సిమెంటు దిమ్మ మీద కూర్చుని అది దుక్కు దుక్కుమంటూ ఉంటే వీధి చివరికి వినిపించేది. నాన్న దానితోనే డీజిలు విద్య నేర్చుకున్నారు. కారు కొనే స్తోమత వచ్చాక అందరూ మారుతి కొనమన్నా ఆయన వినలేదు. అప్పట్లో లీటరు డీజిలు ధర పెట్రోలు ధరలో సగానికి అటూ ఇటూగా ఉండేదన్నది ఒక కారణం. అసలు కారణం మాత్రం, ఆ బానెట్టు కింద ఏం జరుగుతోందో ఆయనకు అర్థం కావడం. తనకు అర్థం కాని వస్తువును ఇంటికి తెచ్చుకోకూడదన్నది ఆయన నియమం.

అంబాసిడర్ పుట్టుక ఇంగ్లండులో. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు అచ్చులను తెచ్చుకుని, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివర దీని తయారీ మొదలుపెట్టారు. 1980 ప్రాంతంలో అందులో 1489 సీసీ డీజిలు ఇంజను పెట్టారు. అదీ బ్రిటిషు నమూనాయే. బలం తక్కువ, ఓపిక ఎక్కువ. మా కారు ఎనభై దాటితే స్టీరింగు వణికేది, తొంభై దాటితే అమ్మ వణికేది. ముందు సీటు బల్లలాగా ఈ చివరినుంచి ఆ చివరికి ఒకటే. గేరు కర్ర స్టీరింగు పక్కన. అందుకని ముందు ముగ్గురం కూర్చునేవాళ్ళం. మధ్యలో నా స్థానం.

డీజిలు ఇంజనులో నాన్నకు నచ్చిన సంగతి ఒకటుంది. పెట్రోలు ఇంజనులో మంట పుట్టించడానికి నిప్పురవ్వ కావాలి. డీజిలు ఇంజనుకు అక్కరలేదు. సిలిండరులోకి వచ్చిన గాలిని ఇరవై రెట్లకు పైగా నొక్కితే అది ఐదువందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అప్పుడు నాజిలు దానిలోకి మంచు తుంపరలా డీజిలును చిమ్ముతుంది. అది తనంతట తానే అంటుకుంటుంది. ఒకసారి రాజుకున్నాక మా కారు ఇంజనుకు కరెంటుతో పని లేదు. బ్యాటరీ తీసి పక్కన పెట్టినా నడుస్తుంది. తాళం తీసినా ఆగదు. డ్యాష్‌బోర్డు కింద ఉన్న గుబ్బను లాగి, డీజిలు రాకుండా ఆపితే గాని ఆగదు. కొత్తగా ఎక్కినవారు తాళం తీసి చేతిలో పట్టుకుని, ఇంజను ఇంకా కొట్టుకుంటూ ఉంటే బిత్తరపోవడం మాకొక వినోదం.

ఈ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గులో 1897 నాటికి దాన్ని సంతృప్తికరంగా నడిపి చూపించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఆ రకం ఇంజనొకటి వేరుశనగ నూనెతో నడిచింది. ఈ సంగతి నేను కాలేజీలో చదివి వచ్చి చెప్పిన రోజున నాన్న ముఖం చూడవలసింది. మిల్లులో ప్రతివాడికీ చెప్పారు. "ఇది మన నూనె ఇంజనేరా" అని మా కారు బానెట్టు మీద తట్టారు. 1913 సెప్టెంబరులో డ్రెస్డెన్ అనే ఓడలో ఇంగ్లండు వెళ్తూ ఒక రాత్రి డీజిల్ కనిపించకుండా పోయాడు. కొన్నాళ్ళకు శవం సముద్రంలో దొరికింది. ఆ మాట మాత్రం నేను చెప్పలేదు. అంత సంతోషంలో ఉన్న మనిషికి ఎందుకనిపించింది.

1998 కార్తికంలో శ్రీశైలం బయలుదేరాం. నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ మీదుగా దోర్నాల చేరేదాకా కారు పాట పాడుకుంటూ వచ్చింది. దోర్నాల దాటి అడవిలో ఘాటు ఎక్కుతుండగా గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నాన్న దిగి, బానెట్టు ఎత్తి, ఫిల్టరు దగ్గర వేలు పెట్టి చూశారు. వాషరు చిట్లి అక్కడ చెమ్మగా ఉంది. "గాలి తాగింది" అన్నారు.

డీజిలు బండికి ఇది పెద్ద జబ్బే. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి పుడుతుంది. ఆ గొట్టాలలోకి గాలి చేరితే, నొక్కినప్పుడు గాలే నలుగుతుంది తప్ప డీజిలు ముందుకు పోదు. ఆ గాలిని బయటికి పంపాలి. డిక్కీలోని పాత సిగరెట్టు డబ్బాలో రకరకాల వాషర్లు ఉండేవి. ఒకటి వెతికి వేశారు. తరువాత ఫిల్టరు మీది మర వదులు చేసి, పంపు కింద ఉన్న చిన్న మీటను నన్ను వేలితో కొడుతూ ఉండమన్నారు. కొడుతుంటే మర పక్కనుంచి నురుగు వచ్చింది. సబ్బునురుగులాగా, బుడగలు బుడగలుగా. వెనకసీట్లో నాయనమ్మ పంచాక్షరి మొదలుపెట్టింది. నా వేలు నొప్పెట్టి "ఇంకెంతసేపు నాన్నా?" అన్నాను. "గాలి పోయేదాకా. దీనికి ఇంకో విద్య లేదు" అన్నారు. కాసేపటికి నురుగు తగ్గి, డీజిలు తీగలా సాగింది. మర బిగించి, నాజిళ్ళ దగ్గర గొట్టాలు ఒక్కొక్కటే వదులు చేసి, సెల్ఫు కొట్టించి, మళ్ళీ బిగించారు. మూడోసారికి అంటుకుంది. నాన్న పాత పంచెముక్కతో చేతులు తుడుచుకుంటూ, బానెట్టు మీదికి వంగి కళ్ళు మూసుకుని కాసేపు విన్నారు. నాయనమ్మ అది మల్లన్న మహిమ అంది. ఆయన కాదనలేదు.

ఆ వినడమే నాకు ఆయన ఇచ్చిన ఆస్తి. టాపెట్లు వదులైతే కుట్టుమిషను చప్పుడు వస్తుంది. ఫ్యాను బెల్టు అరిగితే పొద్దున్నే కీచుమంటుంది. డీజిలు పడవలసిన క్షణం కంటే ముందే పడుతుంటే గోలీలు గలగలలాడించినట్టు ఉంటుంది. మా మేస్త్రీ పొగను చూసి కూడా జబ్బు చెప్పేవాడు. "తెల్లదైతే చలి బాబూ, నల్లదైతే తిండి ఎక్కువ, నీలమైతే వయసు" అనేవాడు. అంటే, కాలకుండా వచ్చే డీజిలు తెల్లగానూ, గాలికి మించి పడిన డీజిలు నల్లగానూ, అరిగిన రింగులను దాటుకొచ్చిన ఇంజనాయిలు నీలంగానూ వస్తాయని. పికప్పు పెరగడానికి పంపు మీది స్క్రూ కాస్త తిప్పమని నాన్నతో చాలామంది చెప్పారు. అలా చేస్తే బలం వస్తుంది గాని నల్లపొగ కూడా వస్తుంది. ఆయన ఒప్పుకోలేదు. "మన వెనక వచ్చేవాడికి కూడా ముక్కుంటుంది" అన్నారు. ఆ మాట ఎన్నోసార్లు గర్వంగా నలుగురికీ చెప్పాను. ఎంత బాగా మరిచిపోయానో తరువాత చెబుతాను.

నాన్న 2011లో పోయారు. కారుతో పాటు ఒక జమాఖర్చుల పుస్తకం నాకు వచ్చింది. తారీకు, తిరిగిన కిలోమీటర్లు, పోయించిన డీజిలు, ఐదువేల కిలోమీటర్లకొకసారి ఇంజనాయిలు, గ్రీజు, కమానుకట్టల మరమ్మతు... అన్నీ ఆయన గుండ్రని తెలుగు అక్షరాలలో. లీటరుకు పదమూడు కిలోమీటర్లకు తగ్గిన ప్రతిసారీ పక్కన ఒక ప్రశ్నార్థకం. నేనూ ఆ పుస్తకం కొనసాగించాను. ఒకసారి హైవే మీది ఏదో బంకులో డీజిలు పోయించాక ఇంజను చప్పుడు పలచబడింది. కిరసనాయిలు కలిపారు. పంపు లోపలి భాగాలకు డీజిలే కందెన. కిరసనాయిలులో ఆ జిడ్డు ఉండదు. పంపు విప్పించి బాగు చేయించడానికి పదకొండు వేలు అయ్యాయి. నాన్న పుస్తకంలో అంత పెద్ద అంకె అదే మొదటిసారి రాశాను.

2014 మే నెలలో ఉత్తరపారా కర్మాగారం మూతబడింది. అదే ఏడాది అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ కూడా తీసేశారు. అంటే, కారుకు పుట్టిల్లు పోయింది, దాన్ని కొనడానికి నాన్న చెప్పిన మొదటి కారణమూ పోయింది. అప్పటినుంచి విజయవాడ ఆటోనగరే దిక్కు. పాత అంబాసిడర్లు విప్పి అమ్మే కొట్లలో తలుపు పిడినుంచి క్రౌను పళ్ళచక్రం దాకా దొరుకుతాయి గాని, ఏది ఎంత అరిగిందో చూసుకుని తెచ్చుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బిఎస్-6 ఇంధనం వచ్చింది. అందులో గంధకం పది లక్షల పాళ్ళలో పది పాళ్ళే. గంధకాన్ని తీసే ప్రక్రియలో డీజిలు సహజమైన జిడ్డుదనం కొంత పోతుంది కనుక శుద్ధి కర్మాగారంలోనే దానికి వేరే మందు కలుపుతారు. మా పంపుకు ఆ డీజిలు పట్టిందో, వయసే మీదపడిందో, ఆ ఏడాది రబ్బరు రింగులు కారడం మొదలుపెట్టాయి. మార్పించాను. 2022లో రిజిస్ట్రేషను పునరుద్ధరణకు వెళ్తే, అంతకుముందు ఆరువందలు ఉన్న రుసుము ఆ ఏప్రిల్ నుంచి ఐదువేలు అయింది. కట్టాను. ఏ పని చేయించినా, ఎంత కట్టినా నాకు బాధ అనిపించలేదు. నాన్న వస్తువును నిలబెడుతున్నానన్న తృప్తి ఉండేది. అడిగినవారికి నేను చెప్పే జవాబు కూడా అదే: "ఇది కారు కాదండీ, మా నాన్న."

ఇక కిటికీ సంగతి.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య చిన్న సందు ఉంది. మా వైపు రేకుల కింద కారు ఉండేది. దాని వెనకభాగం పక్కింటి పడకగది కిటికీకి ఐదారడుగుల దూరం. నాలుగేళ్ళ క్రితం ఆ ఇంట్లోకి ఒక కుటుంబం అద్దెకు వచ్చింది. భార్యాభర్తలు, చిన్న కొడుకు. పొద్దున్నే ఏడింటికి నేను కారెక్కి లెక్కపెడుతూ ఉంటే, పదీ పన్నెండూ దగ్గర ఆ కిటికీ రెక్కలు టప్పున మూసుకునేవి. దోమలకని అనుకున్నాను. కొన్నాళ్ళకు అలా అనుకోవడం కూడా మానేశాను.

2024 సంక్రాంతి వెళ్ళిన వారంలో ఆవిడ అరిసెల డబ్బా తిరిగి ఇవ్వడానికి వచ్చింది. ఇచ్చి, వెళ్ళబోయి, ఆగి, "అన్నయ్యగారూ, ఏమీ అనుకోకపోతే ఒక మాట. పొద్దున కారు తీసేముందు ఒక్క కేక వేస్తారా?" అంది. నాకు అర్థం కాలేదు. "బాబుకు పిల్లికూతలు. చలికాలం ఎక్కువవుతాయి. మీరు అంకెలు లెక్కపెట్టడం వినపడితే వచ్చి కిటికీ మూసేస్తున్నాను గాని, ఒక్కోరోజు వంటింట్లో ఉండిపోయి వినపడటం లేదు."

ఆవిడ కారు తీయవద్దనలేదు. పొగ వస్తోందని కూడా అనలేదు. ఒక్క కేక వేయమంది, అంతే.

ఆవిడ వెళ్ళాక చాలాసేపు వరండాలోనే కూర్చున్నాను. నలభయ్యేళ్ళు దాటినా నేను ఇంకా పైకే లెక్కపెడతానన్న సంగతి కూడా ఆవిడ చెప్పేదాకా నేను గమనించలేదు. నాన్న గుర్తుగా నేను దాచుకున్న ఆ ఇరవై అంకెలు, పక్కింట్లో ఒక తల్లికి పరుగెత్తుకుంటూ రావడానికి ఇచ్చిన గడువు. టాపెట్ల చప్పుడులో వెంట్రుకవాసి తేడా పట్టుకోగలనని చెప్పుకునేవాణ్ణి; మూడేళ్ళు రోజూ మూసుకున్న కిటికీ చప్పుడు నాకు వినపడలేదు.

మరునాడు ఇంజను రాజేసి, దిగి వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. మొదటి మూడు నిమిషాలు సందంతా తెల్లగా నిండిపోయింది. కళ్ళు మండాయి. డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి ఇది ఎప్పటికీ తెలియదు. నా దగ్గర పొగ పరీక్ష పత్రం ఉంది. మా కాలపు బండ్లకు పొగ చిక్కదనం 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు దాటకూడదు. మాది ప్రతిసారీ నెగ్గేది. కాని ఆ పరీక్ష వేడెక్కిన ఇంజనుకు చేస్తారు. చలికి వణుకుతూ లేచిన పొద్దుటి ఇంజనును ఎవరూ పరీక్షించరు, ఆ కిటికీ తప్ప. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. ఆ వార్త అప్పుడే చదివాను. లారీల గురించి అనుకున్నాను.

మా మేస్త్రీ ఇప్పుడు లేడు. కొడుకు కొత్తకార్ల పని చేస్తాడు. కంప్యూటరు తగిలిస్తే జబ్బు తెరమీద కనిపించే బండ్లు. అయినా నాన్న మీది గౌరవంతో వచ్చాడు. కంప్రెషను చూసి, "రెండు సిలిండర్లలో తక్కువుంది బాబాయ్" అన్నాడు. నాజిళ్ళు మార్చి, రింగులు వేసి, హీటరు ప్లగ్గులు నాలుగూ కొత్తవి పెట్టాం. ముప్ఫై ఎనిమిది వేలు. పొగ బాగా తగ్గింది. పోలేదు. "ఇంతేనా?" అన్నాను. "1992లో ఇది కొత్తగా ఉన్నప్పుడు కూడా ఇంతే ఉండేది బాబాయ్. అప్పుడు మనం చూడలేదు" అన్నాడు.

ఆ మాటతో నాకు ఒకటి తేటపడింది. పాతబండిని బాగా చూసుకోవడమంటే దాన్ని కొత్తగా ఉన్నప్పటి స్థితికి తీసుకురావడమని అనుకుంటూ వచ్చాను. తెచ్చినా అది 1992 నాటి కారే అవుతుంది. ఆనాటి పొగ ఆనాడూ ఎవరో ఒకరి కిటికీలోకి పోయే ఉంటుంది. వెనకవాడికి కూడా ముక్కుంటుందన్న మనిషి ఆ సందులో ఐదు నిమిషాలు నిలబడి ఉంటే ఏం చేసేవారో ఊహించడం కష్టం కాదు. నేను నిలబెట్టవలసింది ఆయన కారునా, ఆయన మాటనా అన్నది ఇన్నేళ్ళలో నాకు తట్టని ప్రశ్న.

మిల్లు ఎప్పుడో మూతబడినా ఆ రేకుల షెడ్డు ఇంకా ఉంది. ఆయిలింజను కూర్చున్న సిమెంటు దిమ్మ పగలగొట్టించి, కారును అక్కడ పెట్టాను. చుట్టూ పొలాలు. రోజువారీ పనులకు స్కూటరు, దూరాలకు రైలు. కారు ఆదివారం మాత్రమే. సైకిలు మీద వెళ్ళి, తాళం సగం తిప్పి, లెక్కపెట్టి, ఒక గంట తిప్పి తెస్తాను. 2027లో రిజిస్ట్రేషను మళ్ళీ పునరుద్ధరించాలి. ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకు ఆ రుసుమును 2025 ఆగస్టులో పదివేలు చేశారు. నేను ఆగాలనుకుంటున్నది ఆ డబ్బు గురించి కాదు. ఇంజను ఉన్న షెడ్డులోనే ఇంజనుగా ఉండనిస్తాను. రోడ్డు మీదికి ఇక వద్దు. ఇలా అనుకోవడం తేలిక. ఆ తారీకు వచ్చేసరికి నా మనసు ఎటు లాగుతుందో, అందుకే ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

మొన్న పొద్దున ఏడింటికి వరండాలో కాఫీ తాగుతుంటే పక్కింటి కిటికీ తెరిచే ఉంది. పిల్లవాడు లోపల ఏదో పుస్తకం గట్టిగా చదువుతున్నాడు. ఆవిడతో ఆ విషయం మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఈ ఆదివారం ఇంజనాయిలు మార్చాలి. ఐదువేల కిలోమీటర్లు కాలేదు గాని, ఏడాది దాటింది.